గదికి ఇద్దరు

నా చిన్నప్పుడు రెండేళ్ళపాటు నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను. చదివేది మాత్రం మూడు, నాలుగు తరగతులు. మా నాన్నది ఏడాది తిరక్కుండా ఊళ్ళు మారే ఉద్యోగం. నా చదువు పాడవుతుందని బాపట్లలో మా పెద్దమ్మ దగ్గర దించారు. మా పెద్దమ్మ అక్కడ ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరరు, ఆ కాలేజీ హాస్టలుకు వార్డెను కూడా. గేటు పక్కన రెండు గదుల ఇల్లు ఇచ్చారు ఆవిడకి. పెదనాన్న పోయి అప్పటికి చాలాకాలమైంది, పిల్లల్లేరు. మా ఇద్దరి కోసం వేరే పొయ్యి ఎందుకని మూడు పూటలా మెస్సులోనే తినేవాళ్ళం.

పొడుగాటి రేకుల షెడ్డు ఆ మెస్సు. రెండు వరసల బల్లలు, చివర చేతులు కడుక్కునే తొట్టి. దోసకాయ పప్పు, గోంగూర, మజ్జిగ పులుసు, ఆదివారం కోడిగుడ్డు కూర. వంటామె నా పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి గరిట గిన్నె అడుగుకి పోనిచ్చి ముక్కలు తీసి వేసేది. వందమందికి పైగా అక్కలు ఒక్కసారి కూర్చుని తింటుంటే పళ్ళేల చప్పుడు గేటు దాకా వినిపించేది. వాళ్ళందరిలో చిన్నదాన్ని నేనే కనక ఎవరి పక్కనైనా కూర్చునేదాన్ని, ఎవరి పళ్ళెంలో అప్పడమైనా తుంచుకునేదాన్ని. మిగతావాళ్ళందరికీ ఆ స్వేచ్ఛ లేదని, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో వాళ్ళకి వాళ్ళే గీతలు గీసుకున్నారని నాకు తెలియదు.

జూన్‌లో కొత్తవాళ్ళు చేరే రోజులు వస్తే మా పెద్దమ్మకి తలనొప్పి మొదలయ్యేది. గదికి ఇద్దరు. ఎవరికి ఎవరిని జత వెయ్యాలి అన్నదే గొడవ. తండ్రులు ఆఫీసు గదిలో కుర్చీ అంచున కూర్చుని, "మా అమ్మాయి పెందలాడే లేచి చదువుతుందండి, అలాంటి పిల్లనే చూడండి" అనేవాళ్ళు. "మా వైపు పిల్లతోనే వెయ్యండి మేడమ్" అనేవాళ్ళు. ఆ మాటల కింద ఇంకో మాట ఉండేది. మా పెద్దమ్మకి అది వినపడేది, నాకు వినపడేది కాదు.

ఆ ఏడు రేపల్లె అవతల పెనుమూడి నుంచి ఒక అక్క వచ్చింది. అందరూ రేపల్లె అమ్మాయి అనేవాళ్ళు, నాకు రేపల్లె అక్క. వాళ్ళ నాన్న కృష్ణ మీద రేవు పడవ నడిపేవాడు. అప్పటికి అక్కడ వంతెన లేదు, అవతల ఒడ్డుకి పోవాలంటే పడవే. వాళ్ళమ్మ రేపల్లె బజార్లో ఎండు చేపలు అమ్మేది. ఆ అక్క మంచి మార్కులతో సీటు తెచ్చుకుంది. ఆకుపచ్చ ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని పొద్దుటినుంచి వరండా బల్ల మీద కూర్చుంది. వాళ్ళ నాన్న కూర్చోలేదు, భుజాన తువ్వాలుతో స్తంభం పక్కన నిలబడే ఉన్నాడు.

మా పెద్దమ్మ మొదట ఆ అక్క పేరు ఒక గదికి రాసింది. కాసేపటికి ఆ గదిలో రెండో పిల్ల తండ్రి వచ్చి గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. ఇంకో గదికి మార్చింది. అక్కడినుంచీ ఒకాయన వచ్చి, "వేరేగా అనుకోకండి మేడమ్" అని మొదలుపెట్టాడు. ఆఫీసు కిటికీ వరండాలోకే తెరిచి ఉంటుంది. అక్క తల వంచుకుని ఓణీ చివర్న దారాలు లాగుతూ కూర్చుంది.

మధ్యాహ్నం తెనాలి నుంచి బియ్యం మిల్లున్న పెద్దమనిషి ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆ పిల్ల సన్నగా, బెదురు చూపులతో ఉంది. ఇల్లు వదిలి ఉండటం అదే మొదలట. ఆయన మాత్రం గొంతు తగ్గించలేదు.

"మా అమ్మాయికి నీచు వాసన పడదండి. ఆ వరండాలో పిల్లతో మాత్రం వెయ్యకండి."

మా పెద్దమ్మ ఆయనకేసి కొంచెంసేపు చూసింది. తర్వాత మామూలుగానే అంది.

"ఇంకా జత కుదరనివాళ్ళు అయిదుగురున్నారండి. అయిదు పేర్లూ చీటీల మీద రాస్తాను. మా పాప తీస్తుంది. ఎవరి పేరొస్తే వాళ్ళే మీ అమ్మాయికి జత. ఆ తర్వాత మీరూ మాట్లాడకూడదు, నేనూ మాట్లాడకూడదు. దేవుడి మీద పెడదాం. సరేనా అండి?"

అయిదుగురిలో ఆ ఒక్క పేరే ఎందుకొస్తుందిలే అనుకుని ఉంటాడు. సరేనన్నాడు.

మా పెద్దమ్మ అయిదు కాగితం ముక్కలు చించి, చెయ్యి అడ్డం పెట్టుకుని రాసి, మడిచి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేసి కదిపింది. నన్ను పిలిచింది. అంతమంది పెద్దవాళ్ళు నా చేతికేసి చూడటం నాకెంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక చీటీ తీశాను. ఆయనే విప్పి చదువుకున్నాడు. ఆయన మొహం మాడిపోయింది. కానీ మాట ఇచ్చాడు కదా. "అలా రాసిపెట్టి ఉంది కాబోలు" అని లేచి వెళ్ళిపోయాడు. వరండాలో పడవాయన మా పెద్దమ్మకి దణ్ణం పెట్టి, తర్వాత వంగి నాకూ పెట్టాడు. "నీ చెయ్యి చల్లనిదమ్మా" అన్నాడు.

అందరూ వెళ్ళాక మిగతా పేర్లేంటో చదువుదామని డబ్బా మూత తీశాను. నాలుగు చీటీలు విప్పాను. నాలుగింటి మీదా రేపల్లె అక్క పేరే ఉంది.

పెద్దమ్మ నా చేతిలోంచి అవి లాక్కుని చింపేసింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. "ఆయనతో వాదిస్తే పిల్లని తీసుకుని వెళ్ళిపోతాడు. దేవుడంటే ఊరుకుంటాడు" అంది. "ఎవరికీ చెప్పకు" అంది. నాకు మా పెద్దమ్మ ఎంత తెలివైందో అనిపించింది. అంత పెద్దమనిషిని అయిదు కాగితం ముక్కలతో ఓడించింది. ఆ రహస్యం నాకొక్కదానికే తెలుసన్న సంతోషంతో చాలా రోజులు తిరిగాను.

మొదట్లో ఆ గదిలో మాటల్లేవు. తెనాలి అక్క రెండు మంచాల మధ్య పెట్టెలు అడ్డం పెట్టుకుంది. మెస్సుకి కూడా వచ్చేది కాదు. ఇంటినుంచి తెచ్చుకున్న సున్నుండలు, జంతికలు తింటూ గడిపింది. అవి అయిపోయాక ఇన్నాళ్ళూ రాని మెస్సుకి ఇప్పుడు రావటానికి సిగ్గుపడి పడుకునే ఉండిపోయింది. అప్పుడు రేపల్లె అక్క తన అన్నం తిన్నాక ఇంకో పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టించుకుని, పైన ఇంకో పళ్ళెం మూసి గదికి తీసుకెళ్ళింది. పళ్ళేలు గదులకి తీసుకుపోకూడదని నియమం. గుమ్మంలో నిలబడ్డ మా పెద్దమ్మ తల అటు తిప్పుకుంది. అలా నాలుగు రోజులు. అయిదో రోజు ఇద్దరూ కలిసి మెస్సుకి వచ్చారు. దసరా సెలవుల నాటికి ఒకళ్ళకొకళ్ళు జడలు వేసుకునేదాకా వచ్చింది. నేను పెద్దమ్మకేసి చూసి నవ్వేదాన్ని, ఆవిడ నవ్వేది కాదు.

కార్తీక మాసంలో రేపల్లె అక్క ఇంటికి వెళ్ళి తేగలు తెచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం మెస్సు మెట్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తేగ చీల్చి మధ్యలో ఉండే లేత మొలక, మేం చందమామ అనేది, తీసి నా చేతిలో పెట్టింది.

"నీ చేతికే ఇవ్వాలే ఇది. ఆ రోజు నా చీటీ రాకపోతే నాన్నతో పాటు ఇంటికెళ్ళిపోయేదాన్ని. ఇక చదవనని చెప్దామనే అనుకున్నా. అయిదుగురిలో నా పేరే వచ్చిందంటే చూడు!"

నాకు ఆపుకోవటం చాతకాలేదు. ఆవిడ ఇంకా సంతోషపడుతుందనే అనుకున్నాను, నిజంగా. "వేరే పేరు ఎలా వస్తుందక్కా? అయిదు చీటీల్లోనూ నీ పేరే కదా!" అని పకపకా నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "ఏంటీ?" అంది. నేను మళ్ళీ చెప్పాను, ఈసారి మెల్లిగా. ఆవిడ తేగ పీచు అంతా శుభ్రంగా ఏరి, లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మెస్సుకి రాలేదు.

మర్నాడు పొద్దున్నే తెనాలి అక్క చెప్పుల్లేకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. రేపల్లె అక్క పక్క చుట్టేసి ఉందట. గుడ్డల సంచీ లేదట. మొదటి బండికి ఊరెళ్తున్నానని గేటు దగ్గర చెప్పి వెళ్ళిందట. నేను ఏడుపు అందుకున్నాను. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పేశాను. మా పెద్దమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తలుపు దగ్గరున్న ముక్కాలి పీట మీద కూర్చుండిపోయింది. కాసేపటికి తెనాలి అక్కని లోపలికి పిలిచి, చీటీల సంగతి మొదటినుంచీ తనే చెప్పింది.

తెనాలి అక్క అంతా విని, "ముందే తెలిస్తే నేనూ వద్దనేదాన్నే మేడమ్" అంది. తర్వాత మొహం కప్పుకుని ఏడ్చింది. "ఇప్పుడు మాత్రం తను రాకపోతే ఆ గదిలో నేనుండను."

మా పెద్దమ్మ చీర మార్చుకుని, నా చెయ్యి పట్టుకుని స్టేషనుకి బయల్దేరింది. రేపల్లె వెళ్ళాలంటే తెనాలిలో దిగి బండి మారాలి. మధ్యలో రెండు గంటలుంది. స్టేషన్లో కూర్చుంటామనుకున్నాను. ఆవిడ రిక్షా పిలిచి తిన్నగా ఆ బియ్యం మిల్లుకి పోనిమ్మంది.

మిల్లంతా తవుడు దుమ్ము. ఆ పెద్దమనిషి కంగారుగా లేచి, "అమ్మాయి బాగుందా అండి?" అని, కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించాడు. పెద్దమ్మ కూర్చోలేదు.

"అమ్మాయి బాగుందండి. నేను మీకో సంగతి చెప్పటానికి వచ్చాను. ఆ రోజు అయిదు చీటీల మీదా ఒక్క పేరే రాశాను."

ఆయనకి అర్థం కావటానికి కొంత సమయం పట్టింది. "అంటే దేవుడి పేరు చెప్పి నన్ను మోసం చేశారన్నమాట."

"అవునండి, మోసమే. మీ అమ్మాయికి ఆ పిల్లే జత, వార్డెనుగా నా నిర్ణయం ఇది అని ఆ రోజే మీ మొహాన చెప్పాల్సింది. మీరు కోప్పడతారని భయపడ్డాను. అందుకు క్షమించండి. ఇద్దర్నీ ఒక గదిలో వేసినందుకు మాత్రం క్షమించమని అడగను."

ఆయన గొంతు పెద్దదైంది. బస్తాలు మోసేవాళ్ళు ఆగి చూశారు. కాలేజీ పెద్దలకి ఉత్తరం రాస్తానన్నాడు. "రాయండి. నేనూ రాస్తాను" అంది మా పెద్దమ్మ. నాకిచ్చిన పాలు తాగాలో వద్దో తెలియక గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చివరికి అక్కడే బల్ల మీద పెట్టేసి వచ్చాను.

రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ ఏడిచాను. నేను నోరు మూసుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదన్నాను. పెద్దమ్మ నా మొహం తన వైపు తిప్పుకుంది.

"ఇది నువ్వు చెప్పినందుకు జరగలేదు. నేను చేసినందుకు జరిగింది. ఇంకెప్పుడూ అలా అనుకోకు."

పచ్చటి చేలు వెనక్కి పోతున్నాయి. కొంతదూరం పోయాక తనలో తను అనుకుంటున్నట్టు అంది. "మంచి పనే చేశాననుకున్నా. దాని కింద నా పేరు పెట్టుకోటానికి ధైర్యం చాల్లేదు."

రేపల్లెలో దిగి రిక్షాలో పెనుమూడి చేరాం. రేవుకి కొంచెం ఎగువన తాటాకు ఇల్లు. ముందు పట్టల మీద చేపలు ఎండుతున్నాయి. వాళ్ళమ్మ కాకుల్ని తోలుతూ కూర్చుంది. మమ్మల్ని చూసి చేతులు చీరకి తుడుచుకుంటూ లేచింది. రేపల్లె అక్క ఇంట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది.

మా పెద్దమ్మ వాళ్ళమ్మ ఎదుటే, ఆ ఎండలో నిలబడే, చేసింది చెప్పింది. అక్క వింది. చివరికి అంది.

"నాకు గది దొరక్కపోయినా బాధ లేదండి మేడమ్. ఆ డబ్బాలో మిగతా నలుగురి పేర్లతో పాటు నా పేరూ ఉందనుకున్నా. ఇన్నాళ్ళూ అది తల్చుకునే సంతోషపడేదాన్ని. అందరిలో నేనూ ఒకదాన్నేనని."

మా పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి. అంతలో పడవ కట్టేసి అక్క వాళ్ళ నాన్న పైకి వచ్చాడు. సంగతి విని, "పోన్లెండమ్మా, మా పిల్లకి నీడ ఇప్పిద్దామనే గదా చేశారు. మీ తప్పేముందండి ఇందులో" అన్నాడు.

"ఉంది నాన్నా" అంది అక్క.

"ఉందండి. ఆ అమ్మాయి చెప్పిందే నిజం" అంది మా పెద్దమ్మ.

అక్క తల ఎత్తి ఆవిడకేసి చూసింది. తర్వాత తెనాలి అక్క గురించి అడిగింది. "దానికి తెలుసా అండి?"

"తెలుసు. నేనే చెప్పాను."

"ఏమంది?"

మా పెద్దమ్మ ఒక్క మాట దాచకుండా చెప్పింది. ముందే తెలిస్తే వద్దనేదాన్నని అన్నదీ చెప్పింది, నువ్వు రాకపోతే ఆ గదిలో ఉండనన్నదీ చెప్పింది. మొదటి మాటకి అక్క పెదవి బిగించింది. రెండో మాటకి కళ్ళు తుడుచుకుంది. "నిజమే చెప్పింది పాపం" అంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వాళ్ళమ్మ మమ్మల్ని తినమని అనాలా వద్దా అని నలిగిపోతుంటే, మా పెద్దమ్మే, "అమ్మా, పొద్దుటినుంచి ఏమీ తినలేదు, కాస్త అన్నం పెడతారా?" అని అడిగింది. అరుగు మీద చాప పరిచారు. వేడన్నం, చేపల పులుసు. మా పెద్దమ్మ అడిగి మారు వడ్డించుకుంది. రేపల్లె అక్క మాకు వడ్డిస్తూ అంది.

"వస్తానండి. కానీ ఇది అందరికీ చెప్పాలి మీరు. నాకొక్కదానికే చెప్పి ఊరుకుంటే కుదరదు."

"చెప్తాను" అంది పెద్దమ్మ, ముద్ద చేతిలో పట్టుకునే.

ఆ సాయంత్రం బండికే అక్క మాతో వచ్చేసింది. మర్నాడు మధ్యాహ్నం మెస్సులో అందరూ కూర్చున్నాక ఆవిడ రెండు వరసల మధ్యకి వచ్చి నిలబడింది. గరిటలు ఆగాయి. ఎవరి తండ్రులు ఏం అడిగారో చెప్పలేదు. తను ఏం చేసిందో మాత్రమే చెప్పింది. "ఆ గదిలో వాళ్ళిద్దర్నీ కలిపింది చీటీ కాదు. నేనే వేశాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇకమీదట ఈ హాస్టల్లో ఎవరు ఏ గదిలో ఉండాలో నేను రాస్తాను, నా పేరుతో రాస్తాను. అభ్యంతరం ఉంటే నన్నడగండి" అంది. అప్పుడు తెనాలి అక్క తన పళ్ళెం ఎత్తుకుని వచ్చి, తొట్టి దగ్గరి బల్ల చివర ఒంటరిగా కూర్చున్న రేపల్లె అక్క పక్కన పెట్టుకుని కూర్చుంది. "కొంచెం జరగవే" అంది. ఆవిడ జరిగింది.

ఆ వారంలోనే తెనాలి పెద్దమనిషి కూతుర్ని తీసుకుపోతానని వచ్చాడు. ఆఫీసు గదిలో అంత బెదురు పిల్ల కూడా తండ్రి ఎదుట నిలబడి, "మేడమ్ వేశారనో, దేవుడు వేశాడనో కాదు నాన్నా. నేనే ఉంటానంటున్నా" అంది. ఆయన ఒక్కడే వెళ్ళాడు. అయితే అన్నట్టుగానే ఉత్తరం రాశాడు. మా పెద్దమ్మా రాసింది. ఆ ఏడు పరీక్షలయ్యాక ఆవిణ్ణి వార్డెను పనిలోంచి తప్పించారు. లెక్చరరుగా మాత్రం ఉంచారు. గేటు పక్క ఇల్లు ఖాళీ చేసి ఊళ్ళో చిన్న అద్దె ఇంట్లోకి మారాం. అక్కడ మొదటిసారి మాకోసం పొయ్యి వెలిగింది. ఆవిడకి వంట సరిగా రాదని అప్పుడే తెలిసింది. ఆదివారాలు అక్కలిద్దరూ వచ్చి తలో కూరా చేసి పెట్టి, తిని, సాయంత్రం హాస్టలుకి పోయేవాళ్ళు. రేపల్లె అక్క డిగ్రీ పూర్తిచేసి టీచరైంది.

నేనూ టీచరునయ్యాను, హెడ్‌మిస్ట్రెస్‌గా చాలా ఏళ్ళు చేసి ఇప్పుడు చేబ్రోలులో ఉంటున్నాను. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తప్పించుకునే మాటలు ఎన్నుంటాయో నాకు తెలుసు. పైనుంచి ఆర్డరు వచ్చిందండి అనొచ్చు. కమిటీ నిర్ణయం, నా చేతుల్లో లేదండి అనొచ్చు. ఒకటి రెండుసార్లు నేనూ అన్నాను, ఆ రోజుల్లో అన్నం సయించలేదు. మిగతా అన్నిసార్లూ, ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా, ఎంత కోపంగా ఉన్నా, "నేనే చేశానండి, అడగాల్సింది నన్నే" అన్నాను. ఇప్పుడు ఉద్యోగం లేదు, ఇంట్లో పిల్లల, కోడళ్ళ మధ్య కూడా అదే అంటాను. ఆ మాట అనేముందు ఈ వయసులోనూ నా గొంతు తడారిపోతుంది. కాస్త మంచినీళ్ళు తాగి, అంటాను.